గోడకు చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా కుటుంబం ఒకే ఒక్క పెద్ద ప్రయాణం చేసింది. అందులో అందరూ తిట్టుకున్న రోజే నాకు అన్నిటికంటే నచ్చిన రోజు. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీ రాసుకునే అలవాటు అప్పటికే ఉన్నా అందులోనూ రాయలేదు. ఇంట్లో ఆ రోజు సంగతి వస్తే ఇప్పటికీ మా అమ్మ తల పట్టుకుంటుంది, తమ్ముడు నవ్వుతాడు, నేను లేచి పక్క గదిలోకి వెళ్లిపోతాను. ఎం.ఏ.లో చరిత్ర చదువుతున్న పిల్లను, ఇంట్లో వాళ్ల ముందు ఒక పొలం గురించి మాట్లాడలేను.

అప్పుడు నాకు పదకొండేళ్లు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ వెనకాల ఒక కొత్త కాలనీలో అద్దెకుండేవాళ్లం. అక్కడ ఇళ్ల కంటే ఇటుకల కుప్పలు ఎక్కువ. ఖాళీ స్థలాల్లో సున్నం పూసిన హద్దురాళ్లు వరసగా పాతి ఉండేవి. రోడ్డు ఇంకా పడలేదు కానీ దానికి పేరు మాత్రం పెట్టేశారు. మా ఇంటి ఓనర్లు మొదటి నుంచీ అక్కడివాళ్లే. ఒకప్పుడు కాలనీ అంతా వాళ్ల ద్రాక్షతోట. తోట ప్లాట్లయ్యాక ఇంటాయన ఒక మెటాడోర్ వ్యాను కొని కిరాయికి తిప్పేవాడు. ఆయన భార్యను మేము ఓనరు పెద్దమ్మ అనేవాళ్లం. పొద్దున్నే నడుం మీద చెయ్యి పెట్టుకుని పంపు దగ్గర నిలబడేది. ఏ వాటా వాళ్లు ఎన్ని బిందెలు పట్టుకుంటున్నారో ఆమె కన్ను దాటిపోయేది కాదు. పిల్లలందరికీ ఆమె అంటే హడల్.

మా నాన్న ప్రభుత్వాఫీసులో గుమాస్తా. చరిత్ర అంటే ఆయనకు పిచ్చి. ఆ వేసవిలో సెలవు పెట్టి, యుద్ధాలు జరిగిన చోట్లు చూపిస్తానన్నారు. గుల్బర్గా కోట, బీజాపూర్, తళ్లికోట యుద్ధం జరిగిన కృష్ణ ఒడ్డు, ఆఖరున హంపి. అమ్మ తిరుపతి వెళ్దామంది.

"తిరుపతి ఎక్కడికీ పోదు" అన్నారు నాన్న.

"మీ కోటలు మాత్రం లేచి పోతాయా?" అంది అమ్మ.

అయినా ఆయన మాటే నెగ్గింది. వ్యాను ఓనర్లదే మాట్లాడారు. బయలుదేరే రోజు పొద్దున పెద్దమ్మ ఒక చేతిసంచి పట్టుకొచ్చి డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. "మా బండి ఊర్లన్నీ తిరిగొస్తది, నేను మాత్రం చంపాపేట్ దాటొద్దా? నేనొస్తున్న సారూ. మీరెనక కూసోర్రి" అంది. బండి వాళ్లది, నీళ్లు వాళ్లవి, ఇల్లు వాళ్లది. నాన్న వెనక కూర్చున్నారు.

ఆ ప్రయాణమంతా నాకు విసుగే. నాన్న ఆఫీసు పని చేసినట్టు టైం ప్రకారం కోటలు చూపించేవారు. రాతి గుమ్మం కింద నిలబడి తల పైకెత్తేలోపే "ఇక పదండి, పదండి" అని పిలుపు. నాకు ఒక్కచోటైనా నా ఇష్టమొచ్చినంత సేపు నిలబడాలని ఉండేది. అది చాలదన్నట్టు అడుగడుగునా పరీక్ష. "ఈ బురుజు కట్టించింది ఎవరు? ఎవరు చెప్తారు?" నాకు తెలుసు. లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని, పుస్తకం కనబడకుండా లెక్కల నోట్సు అడ్డం పెట్టుకుని చదివినదాన్ని. జవాబు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చునేది. ఈలోగా తమ్ముడు నోటికొచ్చిన రాజు పేరు అరిచేవాడు. తప్పు చెప్పినా నాన్న నవ్వి వాడి వీపు తట్టేవారు. నేను నా చెప్పులు చూసుకుంటూ నిలబడేదాన్ని. నా కోపం తమ్ముడి మీదో, నాన్న మీదో, నా గొంతు మీదో నాకే తెలిసేది కాదు.

అమ్మ విసుగు ఇంకో రకం. దారిలో ఆడవాళ్లు వెళ్లడానికి చోటు దొరకదని అమ్మ, పెద్దమ్మ తెల్లారినప్పటి నుంచీ మంచినీళ్లు ముట్టేవాళ్లు కాదు. నన్నూ ముట్టనిచ్చేవాళ్లు కాదు. నాన్నా తమ్ముడూ ప్రతి ఊళ్లో సోడా తాగుతుంటే మేము ముగ్గురం వ్యానులో కూర్చుని చూసేవాళ్లం. "రాజుల కాలంల రాణులు ఎట్ల పోయిండ్రో అడుగు మీ నాయినను. గది సెప్పడు" అని పెద్దమ్మ గొణిగేది. అమ్మ నవ్వింది ఆ ప్రయాణంలో అలాంటప్పుడే.

ఇవన్నీ నేను ఓర్చుకున్నది ఒక్క చోటు కోసం. మా పాఠంలో తళ్లికోట యుద్ధానికి రెండే వాక్యాలు. ఒక వాక్యంలో యుద్ధం జరుగుతుంది, రెండో వాక్యంలో విజయనగరం పోతుంది. లైబ్రరీ పుస్తకం చదివాక, ఆ రెండు వాక్యాల్లో అంతమంది మనుషులు, ఏనుగులు, గుర్రాలు ఎలా పట్టారా అని నాకు ఒకటే ఆలోచన. ఆ నేల ఎంత ఉంటుందో చూడాలి. వేరే ఏమీ అక్కర్లేదు.

బీజాపూర్ చేరిన సాయంత్రం, హోటల్లో భోజనం చేస్తుండగా నాన్న ఆ చోటును లిస్టులోంచి కొట్టేశారు. డ్రైవరు ఎవరినో అడిగి వచ్చాడట. అక్కడ కోట లేదు, గోడ లేదు, బోర్డు కూడా లేదు, దారి బాగాలేదు. "ఆ పూట కూడా హంపికే ఇచ్చేద్దాం" అన్నారు. "హమ్మయ్య" అంది అమ్మ. నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

చేతులు కడుక్కునే చోట పెద్దమ్మ నా పక్కకొచ్చింది. "ఏంది, తినకుండ లేచినవ్?" అంది. ఆమె అంటే భయమున్నా, బయటి మనిషి కాబట్టేమో, నోరు పెగిలింది. మొత్తం చెప్పాను. చెప్పి, "మీరు నాన్నతో అనండి పెద్దమ్మా, మీ మాట కాదనరు" అన్నాను.

"ఆశ నాదా, నీదా?"

"నాదే."

"మరి నన్నెందుకు అడుగుమంటవ్? నాకైతే ఇంటికి పోయి కడుపు నిండ నీళ్లు తాగాలని ఉన్నది. నేను గదే అడుగుత" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయింది. ఆమె మీద అంత కోపం నాకు నీళ్ల పంపు దగ్గర కూడా ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున్నే గోల్ గుంబజ్ ఎక్కాం. జనం రాకముందే వెళ్తే గోడ మాట బాగా వినిపిస్తుందని నాన్న తొందర పెట్టారు. ఇరుకు మెట్లు. పెద్దమ్మ ప్రతి మలుపులోనూ ఆగి, కట్టినవాణ్ణి తిట్టి, మళ్లీ ఎక్కేది. పైన గుమ్మటం లోపలి అంచున చుట్టూ నడవా. ఇటు గోడకు నోరు ఆనించి గుసగుసగా ఏదైనా అంటే, అటు కొసన గోడకు చెవి ఆనించినవాళ్లకు స్పష్టంగా వినిపిస్తుంది. నాన్న తమ్ముణ్ణి తీసుకుని అటువైపు వెళ్లారు. అమ్మ మెట్ల దగ్గర కూలబడింది. పెద్దమ్మా నేనూ ఇటు మిగిలాం.

గోడలోంచి నాన్న గొంతు వచ్చింది. "వినపడుతోందా?" నా చెవిలోనే అన్నట్టుంది. తలెత్తి చూస్తే ఆయన ఎక్కడో దూరంగా, తెల్లచొక్కా తప్ప ఏమీ తెలియడం లేదు.

పెద్దమ్మ నా భుజం పట్టి గోడ వైపు తిప్పింది. "మీ నాయిన మొకం కనవడతలేదు గదా. ఇగ దేనికి భయం? గోడకు సెప్పు."

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె వదల్లేదు. "జనమొస్తే గోడ నీకు దొరకది. జల్దీ."

కింద మెట్ల మీద నిజంగానే పిల్లల గోల మొదలైంది. నేను గోడకు నోరు ఆనించాను. రాయి చల్లగా ఉంది. "నాన్నా, యుద్ధం జరిగిన చోటుకు వెళ్దాం" అన్నాను. అది అన్నానో అనుకున్నానో నాకే అనుమానం.

నోరు తీసి చెవి ఆనించాను. తర్వాత గోడ అడిగింది. "నువ్వేనా అమ్మా?"

"ఊఁ."

"అక్కడ ఏమీ లేదటమ్మా."

"ఏమీ లేకపోయినా చూడాలి."

తెల్లచొక్కా కదలకుండా నిలబడి ఉంది. ఎదురుగా ఉంటే నాన్న ఎప్పుడూ అంతసేపు నా మాట కోసం ఆగలేదు. "సరే" అన్నారు చివరికి. అంతలో ఏదో స్కూలు పిల్లలు గుంపుగా వచ్చి పడ్డారు. ఒక్కడు అరిస్తే పదిమంది అరిచినట్టు గుమ్మటమంతా మోగిపోయింది. పెద్దమ్మ చెవులు మూసుకుని, నా వైపు చూసి నవ్వింది.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కానీ నాన్న మాట మీద నిలబడ్డారు. గతుకుల దారిలో, మండే ఎండలో, ముగ్గురిని దారి అడిగి, ఒకసారి తప్పి వెనక్కి తిరిగి, మధ్యాహ్నానికి కృష్ణ ఒడ్డుకు చేరాం. డ్రైవరు బండి ఆపి "ఇదేనంట" అన్నాడు. జొన్న కోసేసిన పొలం. మోళ్లు. పగుళ్లు తీసిన నల్లరేగడి. దూరంగా సన్నటి నీటి చార. అంతే.

"ఫిరంగి ఏది?" అన్నాడు తమ్ముడు.

"దీని కోసమా ఇంత దూరం ఈడ్చుకొచ్చింది?" అంది అమ్మ. గొంతు ఎండిపోయి మాట గీరుకుంటూ వచ్చింది. నాన్న వాచీ చూసుకున్నారు. తిట్టినా బాగుండేదనిపించింది. అడక్కుండా ఉంటే ఎంత హాయిగా ఉండేది! "చూశాను, వెళ్దాం" అని వ్యాను వైపు తిరిగాను.

పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఏం సూసినవ్? తలకాయ దించి మట్టి సూసినవ్. అడిగి తెచ్చుకున్నవ్ గదా బిడ్డా, ఇగ దొంగ లెక్క ఉరుకుతవేంది? మంచిగ సూడు. వాళ్లు జరసేపు ఆగుతరు, సచ్చిపోరు." నన్ను లాక్కుని పొలం మధ్యకు నడిచింది. జొన్న మోళ్లు కాళ్లకు గీసుకుంటున్నాయి.

పుల్లలు ఏరుకుంటున్న ఒకామె మమ్మల్ని చూసి దగ్గరకొచ్చి కన్నడంలో ఏదో అడిగింది. చేతులు తిప్పిన తీరును బట్టి, ఏం పోగొట్టుకున్నారని అడుగుతోందని తెలిసింది. పెద్దమ్మ తెలుగులోనే జవాబిచ్చింది. "ఏం లేదమ్మా, గీడ ఒక రాజ్యం పోయిందంట. గీ పోరి ఎతుకుతున్నది." రాజ్యం అన్న మాట ఒక్కటే ఆమెకు అర్థమైనట్టుంది. నవ్వకుండా, గడ్డంతో ఏటి వైపు చూపించి, తన పుల్లల దగ్గరకు వెళ్లిపోయింది.

అప్పుడు తలెత్తి చూశాను. ముందు ఏమీ కనబడలేదు. తర్వాత నేల మెల్లగా ఏటి వైపు వాలుతోందని తెలిసింది. ఆ వాలు ఎంత దూరం పోయిందో కంటికి ఆనలేదు. గాలి తప్ప చప్పుడు లేదు. నా పాఠంలోని రెండు వాక్యాలు ఇంత వెడల్పా అనుకున్నాను. ఎవరూ "పదండి" అనలేదు. ఆ ప్రయాణంలో మొదటిసారి, నాకు చాలనిపించేదాకా నిలబడ్డాను.

పెద్దమ్మ కూడా నా పక్కనే నిలబడింది, కానీ ఆమె చూస్తున్నది ఆ పొలాన్ని కాదనిపించింది. "మా తోట పోయినంక, తోటేదని ఎవలన్న అడిగితే నేను గిట్లనే ఉత్త జాగల నిలబడి సూపెట్టాలె" అంది. "మా ఇంట్ల ఎవ్వరు అడగరు." ఆ తర్వాత ఇద్దరం వ్యాను దగ్గరకు నడిచాం.

"అయిందా తల్లీ నీ యుద్ధం?" అంది అమ్మ.

హంపి చేరేసరికి చీకటి పడింది. మర్నాడు నాన్న సెలవు అయిపోతోంది కాబట్టి, పొద్దున్నే ఒక గుడి, ఒక వీధి చూసి పరుగు మీద బయలుదేరాం. ఆయన ఏళ్లుగా కలలు కన్న ఊరు ఆయనకు సగం కూడా దక్కలేదు. ఆ తర్వాత నేను ఇంట్లో ఏది అడగబోయినా అందరికీ ఆ పొలమే గుర్తొచ్చేది. "అక్కను అడక్కండి, ఎండలో నిలబెట్టి మట్టి చూపిస్తుంది" అనేవాడు తమ్ముడు. నేను ఇంకాస్త ముడుచుకుపోయాను. ఒక్కసారి అడిగితే ధైర్యం వచ్చేస్తుందని కథల్లో రాస్తారు. నాకు అలా రాలేదు. ఆ విసుగు నాకు ఇప్పటికీ ఉంది.

కొన్నేళ్లకు ఎల్‌బీ నగర్ దాటాక మాకు సొంత ఇల్లు అయింది. ఇంటర్ అయిపోగానే నాన్న నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంజనీరింగ్ కోచింగ్‌లో చేర్పిస్తానన్నారు. నాకు డిగ్రీలో చరిత్ర కావాలి. వారం రోజులు నోరు మెదపలేదు. చివరికి సిటీ బస్సెక్కి పాత కాలనీకి వెళ్లాను. రోడ్లు పడ్డాయి, హద్దురాళ్ల మీద మేడలు లేచాయి. ఓనరు పెద్దమ్మ అప్పటికే దవాఖాన నుంచి వచ్చి మంచం మీద ఉంది. చిక్కిపోయింది. నేనెవరో చెప్పకముందే "రాజ్యం దొరికిందా?" అంది.

ఆమె మంచం పక్కన కూర్చుని, పదకొండేళ్లప్పుడు అడిగిన మాటే మళ్లీ అడిగాను. మీరు ఒక్కసారి నాన్నతో చెప్పండి పెద్దమ్మా అని. తర్వాత నెల తిరక్కుండానే ఆమె పోయింది. ఎవరినైనా ఏదైనా అడగాల్సి వచ్చి నా తల దానంతటదే కిందికి వాలినప్పుడల్లా, మణికట్టు మీద ఆమె పట్టు తెలుస్తుంది. ఆ రోజు ఆమె నా చెయ్యి అలాగే పట్టుకుని, చాలాసేపు నవ్వి, దగ్గు ఆగాక అన్న మాటలు ఇవి:

"నేను సెప్తే నా మాటైతది బిడ్డా, నీ మాట గాదు. అన్ని జాగల్ల గసొంటి గోడ దొరకది. పో, మీ నాయిన మొకం సూసి గట్టిగ అడుగు."