లాంచిలో అమ్మ సీటు

మా నాయిన నర్సప్పకు చెవులు వినపడవు. నలభై ఏళ్లు ఈ మరాఠీ ఊళ్లో, మా భవాని పేట్‌లో పవర్‌లూమ్ మగ్గాల మధ్య నిలబడ్డ మనిషికి ఇంకెట్లా వినపడతాయి? నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయనకు వినపడేలా నేను అరవడం, వాడంతా నన్ను గయ్యాళి అనుకోవడం, రోజూ ఇదే భాగోతం.

మా అమ్మ అంజమ్మకు అరవాల్సిన పని ఉండేది కాదు. అదే షెడ్డులో ఓ మూల కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆ మోతలో మాట వినపడదు కనుక చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. నాయిన నడిపే రెండు మగ్గాల్లోనూ ఒకేసారి దారం తెగితే వెనక్కి తిరిగి రెండు వేళ్లు ఎత్తేవాడు, రమ్మని. అమ్మ కండె వదిలేసి పరుగున వెళ్లి ఓ మగ్గం అందుకునేది. చివరికి ఇంట్లో కూడా అమ్మను పిలవాలంటే ఆయన రెండు వేళ్లే ఎత్తేవాడు.

అమ్మకు ఒకటే కోరిక, సముద్రం చూడాలని. "మనం నేసిన చద్దర్లు ఓడలెక్కి పోతయట. మనమేమో ఊర్ల ఉన్న కొంతం చౌక్ గూడ దాటకపోతిమి" అని దెప్పేది. దీపావళికి పోదామనేవాడు నాయిన. కుంభారిలో సర్కారు ఇల్లొచ్చినంక పోదామనేవాడు. పోయిన శ్రావణంలో మూడు రోజుల జ్వరానికి అమ్మే పోయింది. నాయిన కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. నిజం చెప్పాలంటే, అది చూసి నాకు ఒళ్లు మండింది.

మొన్న ఆయన చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. ఫోను ఇంట్లోనే పడేసి పోయాడు. పేటంతా వెతికి, దవాఖానలు కూడా తిరిగాను. రెండో రోజు పొద్దున సంచి భుజాన వేసుకుని తాపీగా వచ్చాడు.

"ఏడికి పోయినవ్ నాయినా? చెప్పిపోతే నీ సొమ్మేం పోతది?"

"ఒర్లకు బిడ్డా. బొంబాయి పోయిన. సముద్రం చూసొచ్చిన."

స్టేషన్ నుంచి రేవు దాకా నడిచాడట. పాత రాతి బంగళాలన్నీ తలెత్తి చూస్తూ పోయాడట. లాంచి టికెట్ల కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు పక్కసందులోంచి నీళ్లు కనపడ్డాయి. ప్రాణం ఆగలేదు. వెనక్కి తిరిగి రెండు వేళ్లు ఎత్తాడు.

"మీ అమ్మ యాడుంది బిడ్డా? ఎన్కకు ఎవలో పరాయోల్లు. కిటికీలోడు రెండు టికెట్లు చింపి చేతుల పెట్టిండు. ఒకటి వాపస్ తీస్కోమననీకి నాకు నోరు రాలే."

లాంచిలో పక్క సీటు మీద సంచి పెట్టుకుని కూర్చున్నాడు. ఒక మరాఠీ ఆమె వచ్చి, కూర్చోనా కాకా అన్నట్టు సీటు చూపించింది. "యేణార్ ఆహే" అన్నాడట నాయిన. మనిషి వస్తుంది అని.

"లాంచి కదిలింది. సుట్టూత నీళ్లే. ఆ తల్లి కమ్మీ పట్టుకొని నిలబడ్డది. నా దిక్కు చూస్తది, సీటు దిక్కు చూస్తది. లాంచి కదిలినంక ఇగ ఎవలొస్తరు బిడ్డా?"

సంచి తీసి ఒళ్లో పెట్టుకుని ఆమెను కూర్చోమన్నాడట.

"పోయిన శ్రావణంల కాదు. మీ అమ్మ నిన్న పోయింది" అన్నాడు నాయిన, వాడంతా వినపడేంత గట్టిగా. అని, తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

అయ్యో, ఈ మనిషినా నేను రాయి అనుకున్నది! లోపలికి వెళ్లి చాయ్ పెట్టాను. గ్లాసులో పోసి, ఇక అరవబుద్ధి కాక, గడపలో నిలబడి ఆయనకు కనపడేలా రెండు వేళ్లు ఎత్తాను.

నాయిన లేవలేదు. ఆ పిలుపు అమ్మకే అన్నట్టు వెనక్కి తిరిగి, అరుగు మీద అమ్మ కూర్చునే మూల వైపు చూశాడు.