డ్రైవరు సీటు వెనక

మా ఆయన్ని ఈ వీధిలో అందరూ మచ్చలాయన అంటారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఒంటి మీద మచ్చ లేదు, పేరుకి మచ్చ లేదు, ఇదేం పిలుపు? కార్ల లోపల తోలు సీట్ల మీద పడ్డ గీతలూ మరకలూ కనబడకుండా చేయడం ఆయన పని, అంతే. ఎదురుగా టైర్ల కొట్టువాడిది రోజూ ఒకటే జోకు. "వదినా, చంద్రుణ్ణి ఓసారి అన్నయ్య షెడ్డుకి పంపించరాదూ!" ముందు నీ మొహం పంపించవయ్యా అంటాను నేను.

ముందు మెత్తటి గుడ్డతో జిడ్డంతా తీస్తాడు. సన్నని ఉప్పుకాగితంతో గీత అంచులు అరగదీస్తాడు. లోతున్నచోట లప్పం పెట్టి, ఆరాక స్పాంజితో రంగు అద్దుతాడు, పలచగా, పొర మీద పొర. రంగు కలిపేది మాత్రం నేను. తెలుపుకీ మీగడ రంగుకీ తేడా తెలియని మనిషి ఆయన. కలిపిన రంగుని సీటు అడుగున, ఎవరికీ కనబడనిచోట చుక్క పెట్టి చూస్తాను. "నావల్ల కాదు" అన్నమాట ఈ షెడ్డులో వినబడకూడదని ఆయన పంతం. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఎండాకాలం మొదట్లో ఓ మీగడ రంగు కారు వచ్చింది. నడుపుకొచ్చినాయన ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు గాని గడ్డం గీసుకోలేదు. డ్రైవరు సీటు వీపు మీద, కిందుగా, నల్లటి వంపు గీతలు. వెనక కూర్చున్న పిల్లలు కాళ్లాడిస్తూ తన్నితే పడేవే. అలాంటివి ఎన్ని బళ్లలో చూశామో లెక్కలేదు.

"పిల్లలు కదండీ, ఊరుకుంటారా!" అన్నాను, మాట కలుపుదామని.

"మచ్చుకైనా మిగలకూడదు" అన్నాడు కారాయన.

చేసి పంపాం. వారం తిరక్కుండానే బండి మళ్లీ వచ్చింది. అదే చోట అలాంటి గీతలే. "మళ్లీ పైకి తేలాయి" అన్నాడు కారాయన. మా ఆయన మొహం మాడిపోయింది. జిడ్డు సరిగ్గా తియ్యకపోతే రంగు నిలవదు. తప్పు తనదే అనుకుని, గీతల వంక సరిగ్గా చూడను కూడా చూడకుండా గీకడం మొదలుపెట్టాడు.

కారాయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కాసేపటికి, మాతో కాదు, వీధితో చెబుతున్నట్టు చెప్పాడు. "పోయిన వానాకాలం మా పాప ఏట్లో పడిపోయిందండీ. ఎప్పుడూ నా వెనకే కూర్చునేది. బండి ఎక్కేముందు ఆ గీతలు కనబడితే ఇక నేను నడపలేకపోతున్నాను."

పని అయ్యాక బండిని సందు చివరిదాకా తిప్పి రావడం మా ఆయనకి అలవాటు. తిప్పి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "వెనక నుంచి ఎవరో తంతున్నారే" అన్నాడు. నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు.

"వీపు మీద. మెల్లిగా. చిన్న కాళ్లు."

"ఎండ తగిలినట్టుంది, నీళ్లు తాగండి" అని కసిరాను. కసిరాను గాని, ఆ పూట షెడ్డులో ఏ కారు వెనక సీటు వైపూ నేను చూడలేదు.

మూడోసారి బండి వచ్చినప్పుడు వెనక సీట్లో ఒకావిడ ఉంది. కారాయన భార్య. ఆయన దిగాడు, ఆవిడ దిగలేదు. మా ఆయన లోపల ఉప్పుకాగితం వెతుక్కుంటున్నాడు. నేను రంగు చూద్దామని వెనక తలుపు తీసి వంగాను.

మొదటిసారి వచ్చిన గీతలు నాకు బాగా గుర్తు. కొన్ని ఇటు వంగినవి, కొన్ని అటు వంగినవి. పిల్లలు తన్నితే రెండు కాళ్లతోనూ తంతారు. ఇప్పుడున్నవాటికి ఒకటే వంపు. అన్నీ కుడికాలివే.

ఆవిడ ఒళ్లో సంచి ఉంది. దాని మూతిలోంచి చిన్న నల్లబూటు ముక్కు కనబడుతోంది. నా చూపు ఎక్కడుందో ఆవిడ గమనించింది.

"ఏట్లో ఒకటే దొరికింది" అంది. "ఆయనకి చెప్పకండమ్మా. ఆయన చూడలేరు. నేను చూడకుండా ఉండలేను."

నాకు కోపం ముంచుకొచ్చింది, అబద్ధమెందుకు? మా ఆయన తిండి సహించక, చేతగానివాణ్ణయిపోయానని కుమిలిపోతుంటే, ఆ బూటుతో గీతలు పెడుతున్నది ఈవిడా! మాట నోటిదాకా వచ్చింది. అంతలో బూటు లేసు కనబడింది. దానికి ముడి మీద ముడి, పిల్లలు తమంతట తాము వేసుకునేలాంటివి. ఆ మాట మింగేసి వెనక్కి జరిగాను.

లోపలికెళ్లి మా ఆయన చెవిలో చెప్పాను. పనిలో లోపం లేదు, దెయ్యమూ లేదు, ఇక తేలికపడతాడనుకున్నాను. ఆయన పీట మీద కూలబడ్డాడు.

"రెండుసార్లు తుడిచేశానే ఆ పిల్లని" అన్నాడు.

తర్వాత కాగితం పక్కన పెట్టి బయటికొచ్చాడు. "ఇది పోదండీ. తోలులోకి దిగిపోయింది. నావల్ల కాదు." పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు.

"మీవల్ల కాకపోతే ఇంకెవరివల్ల అవుతుంది?" అన్నాడు కారాయన.

"ఎవరివల్లా కాదు."

కారాయన వంగి గీతల వైపు చాలాసేపు చూశాడు. చెయ్యి చాచి ఒకదాన్ని వేలితో తాకాడు. ఆవిడ సంచి గట్టిగా పట్టుకుంది. ఆయన ముందు సీట్లో కూర్చుని బండి తీశాడు. ఆ కారు మళ్లీ రాలేదు.

మచ్చలాయన పనితనం పోయిందట అని వీధంతా పాకింది. టైర్ల కొట్టువాడు పాపం చంద్రుడి జోకు మానేశాడు. నాకు అదే మరీ అవమానంగా ఉంది. నిజం చెప్పలేను. చెబితే ఆ నోటా ఈ నోటా పడి కారాయన చెవిని చేరుతుంది.

మా ఆయన మాత్రం మునుపటి మనిషి కాలేదు. ఇప్పటికీ ఏ బండి ఎక్కినా స్టీరింగు పొట్టకి తగిలేలా సీటు ముందుకి జరుపుకుంటాడు. మొన్న పక్కన కూర్చున్నప్పుడు అడిగాను, అంత ఇరుగ్గా ఎందుకండీ అని.

ఆయన అద్దంలో వెనక ఖాళీ సీటు చూసుకున్నాడు.

"కాళ్లు చాపుకోవాలి కదే" అన్నాడు.