నర్సమ్మగారు చెప్పని నాలుగు పేర్లు

నర్సమ్మగారు పోయారని సోమవారం పొద్దున్న మా బడి కమిటీ పాత చైర్మన్ ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే వెళ్లిపోయారట. ఆ మాటకు అతనికి అర నిమిషం పట్టింది. మిగతా పది నిమిషాలూ అసలు పని గురించి మాట్లాడాడు. సమాధి దగ్గర మైకు పెట్టిస్తున్నాడట. ఆవిడ కాపాడిన హెచ్‌ఐవీ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు కాబట్టి, వాళ్లచేత నాలుగు మాటలు చెప్పిస్తే ఊరికి పేరొస్తుందట.

"ఎవరెవరో మేమంతా మర్చిపోయాం, ఆవిడ తర్వాత మీకే కదండి గుర్తుండేది. పేర్లు చెప్పండి మాస్టారూ" అన్నాడు.

 డెబ్బై రెండేళ్ల మనిషిని, లేచి వెళ్లి గది తలుపు వేసుకున్నాను.

ఆవిడ అసలు పేరు ఇక్కడ రాయను. ఊరి పేరూ రాయను. మండపేట నుంచి బస్సులో అరగంట అనుకోండి, చాలు. ఆవిడ పేరు పట్టుకుని ఆ పిల్లల పేర్లు తవ్వి తీసేంత ఓపిక మా వాళ్లకుంది.

చాలా ఏళ్లపాటు ఆవిడ మా ఊరి సబ్‌సెంటర్‌లో నర్సు. పొట్టి మనిషి. భుజాన పసిపిల్లల్ని తూచే కాటా వేలాడుతూ ఉండేది. ఒక వీధిలో అడుగుపెడితే ప్రతి గడపా ఎక్కేవారు. నిన్న తూచిన బిడ్డను ఇవాళ మళ్లీ తూచేవారు. ఏ జబ్బూ లేని ముసలమ్మలకు బీపీ చూసేవారు. ఎందుకండీ ఈ శ్రమంతా అని ఒకసారి వెటకారంగానే అడిగాను. "ఒక్కింటికే వెళ్తే ఆ ఇల్లు తెలిసిపోద్ది కదండి" అన్నారు. ఆ ఒక్క ఇంటిని దాచడానికి ఆవిడ ఇరవై ఇళ్లు తిరిగేవారు.

పదిహేనేళ్ల కిందట నేను మా ఊరి బడికి హెడ్మాస్టర్ని. ఒక మధ్యాహ్నం ఆవిడ నా గదికొచ్చి తలుపు వేశారు. మా బడిలో నలుగురు పిల్లలు పుట్టుకతో వచ్చిన హెచ్‌ఐవీతో ఉన్నారనీ, మందుల కోసం నెలకోసారి జిల్లా ఆసుపత్రికి వెళ్లాలనీ, ఆ రోజు సెలవుకు కారణం అడగొద్దనీ చెప్పారు. "మీ చెవి దాటకూడదండి" అన్నారు. దాటనివ్వనని మాటిచ్చాను. నిజంగానే ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే బయటపెట్టాను.

మా ఇంట్లో మూడు గోడలకు పుస్తకాలే. కరుణ గురించి మూడు భాషల్లో చదివినవాణ్ని. ఆ చదువంతా పోగై నాకొక ఆలోచన వచ్చింది. బక్కపిల్లలు, బలం కావాలి. మధ్యాహ్న భోజనంలో ఆ నలుగురికీ రెండేసి గుడ్లు పెట్టమని వంటామెకు చెప్పాను. మూడో రోజు ఒక పిల్ల వరసలోంచి లేచి, "ఆళ్లకెందుకండి రెండు?" అని అడిగింది. కూర్చుని తినమన్నాను. రెండు గుడ్లవాళ్లే నెలకోసారి సెలవు పెట్టేవాళ్లని పోల్చుకుని, వారం తిరక్కుండా ఊరే జవాబు కనిపెట్టింది. ఆ నలుగురి పక్కన కూర్చోవద్దని ఇళ్లల్లో చెప్పి పంపారు. చైర్మన్ పదిమందిని వెంటేసుకొచ్చి, వాళ్లని తీసెయ్యకపోతే మా పిల్లల్ని కాన్వెంటులో వేస్తామన్నాడు. "దయ ఉంటే మీ ఇంట్లో చూపించుకోండి మాస్టారూ" అన్నాడు.

నర్సమ్మగారు వచ్చి ఒక కాగితం నా బల్లమీద పరిచారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆవిడ వరండాలో పిల్లలు చేరేవారు. జబ్బున్నవాళ్లు, లేనివాళ్లు, హిందువులు, క్రైస్తవులు అందరూ. ఎవరు దేనికొచ్చారో తెలియకుండా ఉండాలని కావాలనే అందర్నీ పోగేసేవారు. ఆ వారం వాళ్లచేత ఆ కాగితం మీద ఊరి పటం గీయించారు. భయం వేసే చోట ఎర్రచుక్క పెట్టమన్నారు. చుక్కలు చాలానే ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది మా బడి వరండా మీద ఉంది, సరిగ్గా నేను గుడ్లు పెట్టించిన చోట.

"పెట్టేముందు ఆ పిల్లల్ని అడిగారాండి?" అన్నారు. 

ఇంకో పెద్ద చుక్క చైర్మన్ ఇంటి అరుగు మీద ఉంది. ఆ సంగతి ఆవిడ అతనికి చెప్పలేదు. నేను ఇప్పుడు చెబుతున్నాను.

రెండో గుడ్డు ఆగిపోయింది, పిల్లల్నెవర్నీ నేను తీసెయ్యలేదు. కానీ భయం ఆగలేదు. ఆ నలుగురిలో ఒక పదకొండేళ్ల పిల్ల బడికి రావడం మానేసింది. తల్లీ తండ్రీ లేరు, బాబాయి దగ్గర ఉండేది. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నానని అతను ఆ పిల్లని ఎక్కడో దూరాన ఇంటిపనికి కుదిర్చాడు. అక్కడ మందులెవరిస్తారన్న ఆలోచన కూడా అతనికి లేదు. బట్టలు సంచిలో సర్దడం చూసినవాళ్లు ఆదివారం వరండాలో చేరే పిల్లలే. పరిగెత్తుకొచ్చి నర్సమ్మగారికి చెప్పారు.

ఊరికి పిల్లల రక్షణ కమిటీ అని ఒకటుండేది, కాగితం మీద. దానికీ చైర్మనే అధ్యక్షుడు. ఆ కమిటీలో పిల్లలు కూడా సభ్యులుగా ఉండాలన్న నియమం నర్సమ్మగారికి తెలుసు. ఆ సాయంత్రమే పంచాయతీ ఆఫీసులో సమావేశం పెట్టించారు. పెద్దల ఎదురుగా రెండు కుర్చీలు వేసి ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టారు. ఆ ఇద్దరూ నలుగురిలోని వాళ్లో కాదో రాయను. గదిలో నవ్వులు వినిపించాయి. ఒక పిల్ల లేచి నిలబడింది. 

"ఇవాళ ఆ పిల్లని పంపేత్తే, రేపు మమ్మల్ని పంపరని ఏంటండి నమ్మకం?"

నవ్వులు ఆగిపోయాయి. నిజానికి గదిలో చాలామందికి ఇంట్లో ఆడపిల్లలున్నారు. పిల్లని ఊరు దాటించకూడదన్న తీర్మానం మీద చైర్మన్ సంతకం పెట్టాడు. పిల్ల మర్నాడు బడికొచ్చింది. అది గెలుపని నేను పొంగిపోతుంటే, "ఇప్పుడింకా జాగ్రత్తగా ఉండాలండి, ఆ పిల్ల ఎవరో ఇంకా ఎక్కువమందికి తెలిసింది" అన్నారు నర్సమ్మగారు. రెండేళ్లు పట్టుబట్టి ఆ పిల్లకి వేరే ఊళ్లో హాస్టల్ సీటు సంపాదించారు. ఊరు మర్చిపోయేవరకూ ఆగారు.

ఊరు మర్చిపోయింది. ఆ మరుపు మీదే ఆ నలుగురి కాపురాలూ ఉద్యోగాలూ నిలబడి ఉన్నాయి. ఈ చైర్మన్ ఆ పాత సంగతిని మైకు పెట్టి లేపుతానంటున్నాడు.

"నాకు గుర్తులేదండి" అన్నాను ఫోన్లో. నా జ్ఞాపకశక్తి గురించి నేనెంత గొప్పలు పోతానో అతనికి తెలుసు. "మీకే గుర్తులేకపోతే ఎలాగండి" అని నవ్వాడు.

మర్నాడు సమాధుల తోటలో నిజంగానే మైకు పెట్టాడు. జనం చాలామంది వచ్చారు. ప్రార్థన అవగానే, "అమ్మగారు కాపాడిన పిల్లలెవరైనా ఉంటే ముందుకు రండి, భయపడొద్దు" అన్నాడు. ఎవరూ కదల్లేదు. అతను మళ్లీ అన్నాడు. జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు. కొందరు నా మొహం చూస్తున్నారు. నా చూపు ఎవరిమీద ఆగితే జనం చూపులన్నీ అక్కడికే పోతాయి. ఆ నలుగురూ వచ్చారో లేదో చూసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. తల దించేశాను.

కాసేపటికి మైకు ఆగింది. గుప్పెడు మట్టి వెయ్యడానికి జనం వరసగా కదిలారు. నాకు కాళ్లే కనిపిస్తున్నాయి. బూట్లు, హవాయి చెప్పులు, పసుపు రాసిన పాదాలు. వాటిలో ఒక జత నా ఎదురుగా ఆగింది, ఎంతసేపో చెప్పలేను. ఆ నలుగురిలో ఒకరేనేమో, నాకేదో చెప్పాలని ఆగినట్టే ఉంది. నేను తల ఎత్తలేదు. గుప్పిట్లోంచి జారిన నల్లమట్టి కాస్త ఆ వేళ్ల మీద రాలింది. తర్వాత ఆ కాళ్లు ముందుకు నడిచి, మిగతా కాళ్లలో కలిసిపోయాయి.