కొసరు లేని లెక్క

శృంగవరపుకోట బజారులో నగరేశ్వరరావు కిరాణా దుకాణానికి జనం పెట్టిన పేరు కొసరు కొట్టు. బెల్లం తూచాక ఇంకో ముక్క, చింతపండు తూచాక ఇంకో రెబ్బ పడకపోతే అక్కడ బేరం పూర్తయినట్టు కాదు. ఆయన పెద్ద కూతురు హైమ ఆ కాటా పక్కనే నడక నేర్చింది. చెయ్యి కూడా తండ్రిదే వచ్చింది, కాస్త ఎక్కువే.

అలాంటి పిల్ల ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివి ఫ్యూజన్ మీద పరిశోధనకు దిగింది. సూర్యుడిలో జరిగే పనిని భూమ్మీద ఓ యంత్రంలో జరిపించి కరెంటు తీయాలన్నది ఆ శాస్త్రం ఆశ. లోపల ఉండే మహావేడి వాయువును ప్లాస్మా అంటారు. అది గోడకు తగలకుండా అయస్కాంతాలు పట్టి ఉంచుతాయి. నడిమధ్యలో కొంత బుద్ధిగానే ఉంటుంది. అంచుకొచ్చేసరికి మాత్రం ఉడికే బెల్లం పాకంలా కుతకుతలాడి, ముద్దలు ముద్దలుగా తెగి గోడ మీదకు ఎగురుతుంది. ఆ ముద్దల ఆగడాన్ని ముందే కంప్యూటర్లో లెక్కగట్టి చూపించడం హైమ పని.

చిక్కేమిటంటే, హైమ లెక్కలో ముద్దలు ఎగరవు. నిజం యంత్రంలో కొలిచినవాళ్లకు అవి చక్కగా కనబడుతున్నాయి. ఈమె తెర మీద అంచు మాత్రం మధ్యాహ్నపు బజారులా సద్దుమణిగి ఉంది. గైడు జగదీశ్వరి మేడమ్ మొహమాటపడలేదు.

"సూపర్ కంప్యూటర్ మీద మన వంతు ఈ వారంతో సరి. ఈసారీ ఇలాగే వస్తే ఈ పని ఉదయభాస్కర్‌కి ఇచ్చేస్తాను. నువ్వు వేరే టాపిక్ చూసుకోమ్మా."

ఉదయభాస్కర్ పక్క కుర్చీలో పరిశోధించే కుర్రాడు. మంచివాడే. అయినా ఏళ్ల తరబడి పెంచుకున్న పనిని ఎవరి చేతిలోనో పెట్టాలంటే హైమకు ఏడుపొచ్చింది. బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

తండ్రి భోజనానికి వెళ్తే కాటా దగ్గర కూర్చుంది. ఎప్పుడూ బెల్లానికి వచ్చే లక్ష్మణమ్మ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది.

"బెల్లం కొసరెయ్యమ్మా." హైమ వేసింది. "మరి పిల్లకో?" వేసింది. "ఈ ముక్క తడిసినట్టున్నాది, సూడు." అది మార్చి, ఇంకోటి కూడా వేసింది.

లక్ష్మణమ్మ పకపకా నవ్వింది. "అడగ్గానే ఏసీడమేనేటే అమ్మీ! నీకు వద్దనడం రాదేటి?"

హైమ చెయ్యి కాటా మీదే ఆగిపోయింది. కంప్యూటర్‌కీ తను ఏనాడూ వద్దనలేదు! ఎగుడుదిగుళ్లను నునుపు చేసి, లెక్క మధ్యలో కూలిపోకుండా కాచే అంకె ఒకటుంటుంది. కూలిపోబోయిన ప్రతిసారీ, పాపం పోనీలే అని ఆ అంకెకు ఇంకాస్త కొసరు వేసింది. ఆ కొసర్లన్నీ కలిసి ఎగరాల్సిన ముద్దల్నే చదును చేసేశాయి. హైమ తన నెత్తిన తనే ఓ మొట్టికాయ వేసుకుంది.

కొసరు తీసేస్తే లెక్క నిజం చెప్పొచ్చు. లేదా సగంలో కూలిపోయి చేతికేమీ రాకపోవచ్చు. మళ్లీ చేయడానికి వంతు లేదు. చాలా భయం వేసింది. అయినా కొట్లోనే లాప్‌టాప్ తెరిచి, వేసిన కొసరంతా తీసేసి, లెక్క మరీ చిన్న చిన్న అడుగులతో నడిచేలా మార్చి సూపర్ కంప్యూటర్‌కి పంపించేసింది.

వారం చివర, హాస్టల్లో టిఫిన్ తింటూ తెర చూసింది. లెక్క కూలిపోలేదు. అంచు కుతకుతలాడింది. ఓ ముద్ద తెగి ఎగిరింది. హైమ ఇడ్లీ వదిలేసి తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, తగిలింది!"

"ఏటే తగిలింది? దెబ్బేటి?"

"ముద్ద! గోడకి!"

"అయ్యో, మంచిదేనా అది?"

"యంత్రంలో తగిల్తే మంచిది కాదు నాన్నా. నా లెక్కలో మాత్రం తగలాలి!"

నగరేశ్వరరావుకు సగమే అర్థమైంది గానీ, సంతోషం మాత్రం పూర్తిగా కలిగింది. మేడమ్ ఆ ముద్దల్ని అసలు కొలతల పక్కన పెట్టి చూసి, "ఈ పని నీదేనమ్మా" అంది.

ఆ ఆదివారం హైమ ఇంటికొచ్చి కాటా దగ్గరుండగా లక్ష్మణమ్మ బెల్లానికి వచ్చింది. హైమ అడక్కుండానే ఓ ముక్క వేసింది. ఇంకోటి వేసింది. ఇంకోటీ వేసింది.

"ఏటే అమ్మీ, ఇంత కొసరు?"

"కంప్యూటర్ కాడ తీసీసేను పిన్నీ. మరెక్కడో ఓకాడ ఎయ్యాలి కదా!"