నాలుగో చుక్క

ఏ బట్ట చేతికిచ్చినా సుబ్బులు ముందు మూలలు చూస్తుంది. పట్టుచీర కానీ, సోఫా మీది దుప్పటి కానీ, మనవరాలు అనన్య జీన్స్ కానీ, నాలుగు మూలలూ వేళ్ళతో తడిమాకే మడత పెడుతుంది. అమెరికాలో, షాంటిలీలో ఉన్న కూతురు పద్మ ఇంటికొచ్చి మూడేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. బేస్‌మెంట్‌లో వాషర్ తిరుగుతుంటే దాని ఎదురుగా స్టూలేసుకుని, అద్దంలోంచి చూస్తూ కూర్చుంటుంది.

"టీవీ చూడొచ్చు కదమ్మా" అంటుంది పద్మ.

"ఇదీ టీవీయేలే. దీంట్లో ఏడుపులు తక్కువ."

ఆమె కుడిచేతి బొటనవేలి మీద, చూపుడువేలి మీద నల్లటి మచ్చలుంటాయి. నల్లజీడి రసం కాల్చిన మచ్చలు. గింజని సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట మూల గుర్తు పెట్టి, పైన కాస్త సున్నం రాస్తే, బట్ట చిరిగినా ఆ గుర్తు చెరగదు. వంద ఇళ్ళ బట్టలు కలిసిన మూటలో ఏది ఎవరిదో, ఏ చాకలి ఇంటివాళ్ళు ఉతికారో తెలిసేది అలాగే. అక్షరాన్ని పెద్ద కులాల గడప దాటనివ్వని ఊళ్ళో ఆ కులం తనకోసం తయారు చేసుకున్న రాత అది. ఏ పండితుడూ దాన్ని లిపి అనలేదు.

మచ్చల సంగతి ఎవరైనా అడిగితే పొయ్యి దగ్గర కాలిందని చెప్పమని పద్మ నేర్పింది. మీవాళ్ళేం చేసేవారని అడిగితే పద్మే అందుకుంటుంది. "టెక్స్‌టైల్స్ ఆంటీ."

అమెరికాలో కులమెక్కడిదండీ అనేవాళ్ళు, తలో వంటా తెచ్చుకుని కలిసి తినే మన పాట్‌లక్‌లో పది నిమిషాలు కూర్చుంటే చాలు. కులం ఎవరూ అడగరు. ఇంటిపేరు అడుగుతారు. ఊరు అడుగుతారు. ఊళ్ళో ఏ వీధి అని అడుగుతారు. పెళ్ళి ఎవరు చేయించారని అడుగుతారు. పద్మది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఏ ప్రశ్న వెనక ఏ ప్రశ్న దాక్కుని ఉందో ఆమెకి ఇట్టే తెలిసిపోతుంది. ఈ విషయంలో భార్యాభర్తలది ఒకే మాట: అనన్య కాలేజీకి వెళ్ళేదాకా ఎవరికీ తెలియకూడదు.

2009 సెప్టెంబర్‌లో ఒక శనివారం, చాముండేశ్వరి గారు తెలుగు ఆడవాళ్ళని ఇరవైమందిని పోగుచేసి ఒక మ్యూజియానికి తీసుకెళ్ళింది. ఆవిడ డెబ్భై ఒకటిలోనే అమెరికా వచ్చి, పిల్లల డాక్టరుగా రిటైరైన మనిషి. ఇక్కడి తెలుగు అసోసియేషన్‌లో ఆవిడ మాటకి తిరుగులేదు. మ్యూజియం అంటే మరేం కాదు, గుర్రాల ఫారాల మధ్య ఒకప్పటి జమీందారు లాంటి వాడి బంగళా. లోపల పదిహేడో శతాబ్దపు బట్టల ప్రదర్శన పెట్టారు.

"గోల్కొండ సుల్తానుల కాలం అమ్మా ఇది. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, పర్షియా వర్తకులు మన బందరు రేవులో పడిగాపులు పడ్డారు. మన అద్దకాల దెబ్బకి అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెడితే, ఇంగ్లండులో చట్టం చేసి మరీ మన బట్టని ఆపారు. మనవాళ్ళంటే ఏమనుకున్నారు!" అంది చాముండేశ్వరి గారు. ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఆ "మనవాళ్ళు" అనే మాటలో ఎవరెవరున్నారో అప్పటికి ఎవరికీ పట్టలేదు.

హాలు చివర గదిలో ఒకే ఒక్క బట్ట. మంచం చుట్టూ వేలాడదీసే పెద్ద తెర. రాళ్ళ గుట్టలోంచి లేచిన చెట్టు, ఈ లోకంలో పూయని పూలు, కొమ్మ మీద మెడ తిప్పి వెనక్కి చూస్తున్న నెమలి. చిరివేరుతో అద్దిన ఎరుపు ఇంకా పచ్చి గాయంలా ఉంది. పక్కన అట్ట మీద ఆ బట్ట ఎక్కిన ఓడ పేరు, కొన్న వర్తకుడి ఇంటిపేరు, ఎవరి పడకగదిలో వేలాడిందో ఆ దొరసాని పేరు ఉన్నాయి. తయారీ దగ్గర మాత్రం "అజ్ఞాత చిత్రకారుడు" అని ఉంది.

బొమ్మ గీసినవాడైనా కనీసం అజ్ఞాతుడయ్యాడు. కరక్కాయ పట్టించాక ఉతకాలి, పటిక పెట్టాక ఉతకాలి, ఎరుపు కాచాక ఉతకాలి, పేడనీళ్ళలో నానేసి ఇసుక మీద ఆరేసి మళ్ళీ ఉతకాలి. గీసినవాడి కంటే ఉతికినవాడి చెయ్యే ఎక్కువసార్లు పడిన బట్ట అది. వాడికి ఆ అట్ట మీద అజ్ఞాతుడిగా కూడా చోటు లేదు.

సుబ్బులు ఎప్పట్లాగే మూలలు వెతికింది. కింద ఎడమవైపు మూల దగ్గర వంగింది. అలాగే ఉండిపోయింది.

నెలవంకలా ఒక గీత. దాని కడుపులో మూడు చుక్కలు. గీత బయట, విడిగా, ఇంకో చుక్క.

"పద్మా, ఇది మన ఇంటి గుర్తే."

"మెల్లగా మాట్లాడమ్మా."

"మా అమ్మ పెట్టిన గుర్తే. మా అమ్మమ్మ పెట్టిన గుర్తే. తాతలు బందర్లో అద్దకాల బట్టలు ఉతికేవాళ్ళని చెప్పేది కాదూ!"

అక్కడే ఉన్న మ్యూజియం ఉద్యోగి ఎలెన్ దగ్గరికొచ్చింది. ఆ బట్టల మరమ్మతు, సంరక్షణ అన్నీ ఆమె పనే. మీ అమ్మగారికి దీని గురించి ఏమైనా తెలుసా అని పద్మని అడిగింది. అదేదో చెట్టు నూనెలా ఉందనీ, చుట్టూ దారాల్ని తినేస్తోందనీ, సోమవారం మధ్యాహ్నం దాన్ని తీసేసే పని మొదలుపెడుతున్నామనీ చెప్పింది. చాముండేశ్వరి గారు పద్మ భుజం మీద చెయ్యేసి, ఏంటి సంగతన్నట్టు తల వంచింది.

పద్మ నవ్వింది. "షి సేస్ ఇట్స్ జస్ట్ ఎ స్టెయిన్."

సుబ్బులుకి వచ్చిన ఇంగ్లీషు మాటలు ముప్ఫై దాటవు. కానీ ఆ చివరి మాట ఆమెకి తెలుసు. బేస్‌మెంట్‌లో సబ్బునీళ్ళ డబ్బా మీద, మరక పడిన చొక్కా బొమ్మ కింద రాసుంటుంది.

ఎలెన్ వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పింది. ఈ గదిలో ఒక వింత ఉందట. రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి తేమ పెరుగుతుంది. పైపులన్నీ చూశారు, కప్పు విప్పి చూశారు. ఎక్కడా చుక్క నీరు లేదు. గోడకున్న చిన్న మీటర్ చూపించింది. యాభై ఉండాల్సిన చోట అరవై ఎనిమిది.

సుబ్బులు మీటర్ చూడలేదు. తెర ముందున్న నేల చూసింది. ఆ ఒక్క చోట చెక్క నల్లబడి ఉంది, తడిబట్టతో ఎవరో చాలాసేపు నిలబడ్డట్టు.

కార్ ఇంటికి చేరింది. గరాజ్ తలుపు పైకి లేస్తుండగా సుబ్బులు అంది. "మరకన్నావు కదే."

ఆదివారం సాయంత్రం బేస్‌మెంట్‌లో ఇద్దరే ఉన్నారు. అనన్యని వాళ్ళ నాన్న స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళాడు. పద్మ మెట్ల మీద కూర్చుంది.

"అమ్మా, నువ్వట్టా చూడకు. అనన్య స్నేహితులందరూ ఆ అసోసియేషన్ ఇళ్ళ పిల్లలే. రేపట్నుంచి వాళ్ళ వంటగదిలోకి దాన్ని రానిస్తారో లేదో నీకు తెలుసా?"

"తెలుసు. నాకు తెలిసినంత నీకు తెలీదు."

"మరి? ఒక చుక్క కోసం..."

"నాలుగో చుక్క ఎందుకు పెడతారో నీకెప్పుడూ చెప్పలా. ఇయ్యాల విను."

డెబ్భై ఏడు ఉప్పెన నాటికి పద్మకి నాలుగేళ్ళు. దివిసీమలో కాలవ పక్కన ఇల్లు. పొద్దుట్నించీ ఈదురుగాలి. నాలుగింటికి సుబ్బులు తల్లి నాంచారమ్మ చెంగు నడుముకి బిగించి చాకిరేవుకి బయల్దేరింది. ఇప్పుడెందుకే అని సుబ్బులంటే, "మూట అక్కడే ఉంది. బట్టలు మనయ్యి కాదు కదే" అంది. ఆమె చివరి మాట అది. తనవి కాని పంచెల కోసం, తనని పంచలోకి కూడా రానివ్వని ఇళ్ళ దుప్పట్ల కోసం, సముద్రానికి ఎదురెళ్ళింది.

ఐదో రోజు మూట తుమ్మకంపలో దొరికింది. మనిషి దొరకలేదు. పదోరోజున బతికి బయటపడిన ఒక పెద్దాయన వచ్చి, గుమ్మం లేని ఇంటి ముందు నిలబడి అడిగాడు. "మా పంచెలు దొరికినయ్యంటగదే?"

"అప్పుడు పెట్టా నాలుగో చుక్క" అంది సుబ్బులు. "ఉతకడం మొదలుపెట్టిన మనిషి పూర్తిచెయ్యకుండా పోతే, ఇంకొకరు అందుకుని ఉతికి, ఆ చుక్క పెడతారు. చెయ్యి మారిందని. పెట్టాక గడప దగ్గర నిలబడి పిలిచి చెప్పాలి, బట్టలొచ్చినయ్యని. అప్పటిదాకా పోయిన మనిషి నీళ్ళలోంచి లేవదు. మా అమ్మమ్మ అనేది. ఆ ఊళ్ళో మిగిలిన పదకొండు గడపలకీ పోయి పిలిచా నేను. గడపే మిగలని చోట మట్టి దిబ్బ ముందు నిలబడి పిలిచా."

"అయితే ఆ మ్యూజియంలో బట్ట..."

"దానికీ ఎవరో చుక్క పెట్టారు పద్మా. కానీ పిలవడానికి గడపెక్కడుంది? ఓడెక్కి పోయింది గదా. దాన్ని మొదలుపెట్టినామె ఇంకా నీళ్ళలోనే ఉంది. రేపు ఆ చుక్క కూడా చెరిపేస్తే ఎవరని పిలుస్తాం, ఎక్కడని వెతుకుతాం?"

పద్మ తల వాషర్ వైపు తిరిగింది. చప్పుడు.

ఉస్... ధబ్. ఉస్... ధబ్.

పళ్ళ మధ్య నుంచి ఊపిరి వదులుతూ బండ మీద బట్ట కొట్టే చప్పుడు. పద్మ నాలుగేళ్ళప్పుడు విన్నదే. వాషర్ లైట్లు వెలగడం లేదు. అద్దం వెనక ఏమీ లేదు. పద్మ లేచి వాషర్ తలుపు లాగింది. చప్పుడు ఆగింది. పొడి డ్రమ్ములో వేళ్ళకి ఏదో తగిలింది. సన్నటి ఇసుక. నాలుక మీద ఉప్పు తగిలినట్టయింది.

గోడ గడియారం నాలుగు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది.

సోమవారం పద్మ ఆఫీస్‌కి సిక్ లీవ్ పెట్టింది. దారంతా "చూసి వచ్చేద్దాం, అంతే" అని మూడుసార్లు అంది. తీరా వెళ్తే అక్కడ చాముండేశ్వరి గారు ఉంది, అసోసియేషన్ పత్రిక కోసం ఫొటోలు తీయడానికి ఇద్దరు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని. పద్మ గుమ్మం దగ్గరే ఆగింది.

బట్టని కిందికి దించి ఆ గదిలోనే పెద్ద బల్ల మీద పరిచారు. ఎలెన్ గ్లోవ్స్ వేసుకుని, పుల్లకి చుట్టిన దూదిని మందులో ముంచింది. నాలుగు కావస్తోంది, మీటర్ అరవై తొమ్మిది చూపిస్తోంది. సుబ్బులు చెప్పులు విప్పి నడుచుకుంటూ వెళ్ళి, ఆ దూదికీ మూలకీ మధ్య తన చెయ్యి పెట్టింది.

"నో స్టెయిన్" అంది. బొటనవేలి మచ్చ చూపించింది. తర్వాత బట్ట మీది గుర్తు చూపించింది. "మదర్. మదర్ మదర్. నో స్టెయిన్."

ఎలెన్ పుల్ల పక్కన పెట్టి పద్మ వైపు తిరిగింది. మీ అమ్మ ఏమంటోందని అడిగింది.

"చెప్పమ్మా పద్మా" అంది చాముండేశ్వరి గారు చనువుగా, మళ్ళీ భుజం మీద చెయ్యేస్తూ. "మీవాళ్ళు టెక్స్‌టైల్స్ కదా. అమ్మగారికి ఏదో తెలిసే ఉంటుంది."

ఆ గదిలో ఏసీ హోరు తప్ప ఇంకేం లేదు. ఆ హోరు కింద, చాలా దూరంగా, పద్మకి వినిపించింది. ఉస్... ధబ్. తల్లి కూడా వింటోందని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది. మిగతావాళ్ళెవరూ వినడం లేదు.

పద్మ ముందు ఇంగ్లీషులో చెప్పింది. గుర్తు సంగతి, జీడి సంగతి, నాలుగో చుక్క సంగతి, పూసగుచ్చినట్టు. తర్వాత తెలుగులో, పక్కకి తిరిగి చెప్పింది.

"మేం చాకలివాళ్ళం ఆంటీ. ఇది మేం పెట్టే గుర్తు. శనివారం నేను చెప్పింది అబద్ధం."

"అయ్యో, అందులో ఏముందమ్మా! ఈ దేశంలో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు" అంది చాముండేశ్వరి గారు. అంటూనే భుజం మీంచి చెయ్యి తీసేసింది. తీసేసినట్టు ఆవిడకి కూడా తెలియలేదేమో.

సుబ్బులు ఇవేవీ వినడం లేదు. బల్ల చివర నిలబడి, ముప్ఫై రెండేళ్ళుగా నోట్లోంచి రాని పిలుపు పిలిచింది. ఆ బంగళా గోడలు దద్దరిల్లాయి.

"బట్టలొచ్చినయ్యమ్మోయ్!"

ఫొటోలు తీస్తున్నామె కెమెరా దించేసింది. ఎలెన్ చూపు మీటర్ మీద పడింది. అరవై తొమ్మిది. అరవై ఒకటి. యాభై నాలుగు. వాళ్ళు చూస్తుండగానే యాభై దగ్గర ఆగింది. ఎలెన్ దాన్ని గోరుతో రెండుసార్లు తట్టింది.

"లేచిందిలే" అంది సుబ్బులు. "ఒడ్డెక్కింది."

గుర్తు చెరపలేదు. ఆ మూల వరకూ దారాలు మాత్రం బిగించి వదిలేశారు. కొత్త అట్ట మీద "ఉతికినవారి గుర్తు, బందరు ప్రాంతం" అనే మాటలు చేరాయి. ఓడ పేరు కంటే చిన్న అక్షరాల్లో.

దసరాకి చాముండేశ్వరి గారింట్లో బొమ్మల కొలువు. "ఈసారి చిన్నగా చేసుకుంటున్నాం, ఎవరినీ పిలవట్లేదమ్మా" అని పద్మకి మెసేజ్ వచ్చింది. తర్వాత ఫొటోల్లో పద్మ లెక్కపెడితే నలభై రెండు మంది తేలారు. అనన్య నలుగురు స్నేహితుల్లో ఇద్దరు మాత్రం ఇంకా వస్తున్నారు. పద్మ రెండు రాత్రులు ఏడ్చింది. మూడో రోజు ఎవరో కొత్తావిడ గ్రోసరీ షాపులో మీవాళ్ళేం చేసేవారని అడిగితే చెప్పేసింది. చెప్పాక ఆవిడ మొహం చూస్తూ నిలబడింది. ఆవిడే ముందు కళ్ళు తిప్పుకుంది.

అక్టోబర్ చివర్లో, చలికోట్ల మీద పేరు రాసి పంపమని స్కూల్ వాళ్ళు చీటీ పంపారు. పద్మ చెరగని నీలం ఇంకు పెన్ను తీసుకుని, తల్లి చూస్తుండగా, అనన్య కోటు లోపలి మూల నెలవంక గీసింది. దాని కడుపులో మూడు చుక్కలు పెట్టింది. "మూడే" అంది సుబ్బులు. "మూడే" అంది పద్మ, మూత బిగిస్తూ. కోటుని వాషర్‌లో వేశారు, డ్రయ్యర్‌లో వేశారు.

తీసి మడతపెట్టబోతూ పద్మ వేలు ఆ మూల దగ్గర ఆగిపోయింది. గీత బయట, విడిగా, ఇంకో చుక్క. ఇంకు నీలంగా లేదు. నల్లగా, అంచున కాస్త కాలినట్టుగా ఉంది.

"ఇది నేను పెట్టలేదమ్మా."

సుబ్బులు కోటు అందుకుని వెలుతురులో చాలాసేపు చూసింది. చుక్కని బొటనవేలితో ఒకసారి తడిమింది. భయపడినట్టు లేదు. తర్వాత వాషర్ ఎదుట తను మూడేళ్ళుగా కూర్చున్న స్టూలు మీంచి మెల్లగా లేచింది.

"చెయ్యి మారింది. కూర్చో" అంది కూతురితో.