కుందేళ్ల మేత నా చేతికొచ్చాక

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నా పెళ్లయిన రెండో ఏడు, అలియాబాద్‌లోని మా అత్తగారింటికి కుందేళ్లు వచ్చాయి. అప్పట్లో శామీర్‌పేట చుట్టుపక్కల చాలా మందికి ఆ పిచ్చి పట్టింది. ఒక కంపెనీ వాళ్లు ఊళ్లు తిరిగి జతలు అమ్మేవారు. దాణా మేమే ఇస్తాం, పిల్లలు పెరిగాక మేమే కొంటాం అనేవారు. మా ఆయన నమ్మాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించి, ఇనుప జాలీ గూళ్లు పెట్టించాడు.

"పొద్దుగాల ఇంత, మాపటికి ఇంత దాణా పోసుడే. దీంట్ల పనేమున్నది?" అన్నాడు నాతో.

నేను గాజులరామారంలో పెరిగినదాన్ని. నాయిన జీడిమెట్లలో ఫ్యాక్టరీ పనికి వెళ్లేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో నన్ను పెంచింది అవ్వ, అంటే నాయిన తల్లి. డిగ్రీ మధ్యలో ఉండగా పెళ్లయింది. మిగిలిన చదువు మేడ్చల్‌లో చదువుకోవచ్చని అత్తగారి వాళ్లు మాటిచ్చారు. మొదటి ఏడు కొత్త ఇంటికి అలవాటు పడటంలోనే గడిచింది. ఆ తర్వాత కుందేళ్లు వచ్చాయి.

కంపెనీ ఇచ్చిన పెల్లెట్లు బాగుండేవి. పెన్సిల్ ముక్కల్లా ఉండి, తుంచితే పటుక్కున విరిగేవి. మూట విప్పగానే ఎండిన గడ్డి వాసన వచ్చేది. గిన్నెలో పోసి నీళ్లు పెడితే పని అయిపోయేది. ఇంకో ఏడాదికల్లా కాలేజీలో చేరవచ్చు, మధ్యాహ్నం దాకా అత్తమ్మ చూసుకుంటుంది అనుకునేదాన్ని.

కొన్ని నెలలకు కంపెనీ బండి రావడం మానేసింది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మా ఆయన అప్పటికే ప్లాట్ల బేరాల్లో పడి, పొద్దున స్కూటరెక్కితే చీకటి పడ్డాకే దిగుతున్నాడు. కుందేళ్లు మాత్రం పిల్లలు పెడుతూనే ఉన్నాయి.

దాణా అడుగంటుతుంటే ఆయన్ని బతిమాలి మేడ్చల్‌కు వెళ్లాం. దుకాణదారు ఒక మూట చూపించాడు.

"కుందేళ్లకా అమ్మా? కోళ్ల దాణా ఏయున్రి. మంచిగ తింటయి."

గుప్పెడు తీసి వాసన చూశాను. చేపల వాసన వచ్చింది. కోళ్ల దాణాలో కోళ్లకు కలిపే మందు కుందేళ్లకు పడదని కంపెనీ మనిషి మొదట్లో చెప్పిన మాట నాకు గుర్తుంది. వద్దన్నాను.

"జల్దీ కానియ్యి. ఏదో ఒకటి తీస్కో" అని బయట నుంచి మా ఆయన తొందరపెట్టాడు.

ఇంకో దుకాణంలో కుందేళ్ల పెల్లెట్లే దొరికాయి. మేత ఒక్కసారిగా మార్చకూడదని, పాత దాణాలో కొద్దికొద్దిగా కొత్తది కలుపుతూ పెట్టాను. మూట సగం దాకా బాగానే ఉంది. తర్వాత వానలు పట్టుకున్నాయి. అడుగున ఉన్నదంతా పొడిపొడిగా, ముక్కిన వాసనతో వచ్చింది. నేను గమనించేలోపు కొన్ని పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. అరచేతిలో పట్టేంత పిల్లలు, చూస్తుండగానే పోయాయి. ఆ మూటను తీసుకెళ్లి గోతిలో పారబోశాను.

మూట దాణా మీద నమ్మకం పోయింది. ఇక మిగిలింది గడ్డే. బోరు కాలవ పక్కన దశరథ గడ్డి వేశాం. గట్ల మీద గరిక కోసి తెచ్చేదాన్ని. ముందు ఎండలో పరచి, పసరు తగ్గాక నీడకు మార్చాలి. ఎండ ఎక్కువైతే ఆకులన్నీ రాలి పుల్లలు మిగులుతాయి. తడి మిగిలితే కట్టలోపల బూజు పడుతుంది. పట్టుకుంటే గలగలమనాలి, రంగు మాత్రం పచ్చగానే ఉండాలి. ఇవన్నీ నేను చేతులతో నేర్చుకున్నాను. కుందేళ్లు కోలుకున్నాయి, బొచ్చు నిగనిగలాడింది.

పెల్లెట్లయితే ఎవరైనా పోయగలరు. గడ్డి సంగతి నాకొక్కదానికే తెలిసింది. మబ్బు పట్టిందంటే వంట సగంలో వదిలేసి పరుగెత్తేదాన్ని. ఇంటికి ఎవరైనా వస్తే మా ఆయన గొప్పగా చెప్పేవాడు: "మేత సంగతి మా ఇంట్లామెకే ఎరుక. ఇంకెవరితోని కాదు." కాలేజీ మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. నేనూ ఎత్తడం మానేశాను.

అలాంటప్పుడు నాయిన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"అవ్వకు సుస్తైంది బిడ్డా. నిన్నే అడుగుతాంది."

గాజులరామారం వేరే దేశంలో లేదు. రెండు బస్సులు మారితే చాలు. అయినా మా ఆయన మొదటి మాట "మరి కుందేళ్లెట్ల?" అనే.

ఎండిన గడ్డి కట్టలు కట్టి షెడ్డులో పేర్చి, అత్తమ్మకు చూపించాను. ఇది తప్ప ఇంకేమీ వేయవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి బయల్దేరాను.

అవ్వ మంచంలో చిక్కి సగమైంది. నా చేయి పట్టుకుని ముందుగా అడిగింది, "మల్ల ఎప్పుడు పోతవే?"

"ఇప్పుడే కద అవ్వా వచ్చిన?" అన్నాను.

"వచ్చినప్పటి సంది గడియారం దిక్కే సూస్తున్నవ్" అంది.

ఆ రాత్రి అవ్వ పక్కనే పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే మా ఆయన ఫోన్ చేశాడు. కుందేళ్లకు కడుపులు ఉబ్బాయట, వెంటనే రమ్మన్నాడు. అవ్వకు అన్నం కూడా తినిపించకుండానే బస్సెక్కాను.

జరిగింది ఇది. జల్లు పడి రేకుల సందుల్లోంచి నీళ్లు కారి కట్టలు తడిశాయి. తడిసిన గడ్డి వేయడానికి మనసొప్పక, అత్తమ్మ కాలవ పక్క లేత పచ్చిగడ్డి కోసి, తడి తడిగానే గూళ్ల నిండా వేసింది. రోజూ ఎండుగడ్డి తినే కుందేళ్లు దాని మీద పడి తిన్నాయి. నేను వెళ్లేసరికి సగం గూళ్లలో కదలిక లేదు.

"పచ్చగ కనవడితె పాపం తింటయి గదా అని ఏసిన బిడ్డా" అని అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె మీద నాకు కోపం రాలేదు.

మా ఆయన మాత్రం నా వైపు చూసి, "నువ్వు పోతె గిట్లనే అయితది" అన్నాడు.

ఆ వానాకాలం వెళ్లకముందే అవ్వ పోయింది. చివరి చూపుకు అందాను గానీ, కర్మలు జరిగినన్ని రోజులూ పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాను. బస్సు కిటికీలోంచి ఎండ కనిపిస్తే గడ్డి తిరగేయాలని, మబ్బు కనిపిస్తే లోపల పెట్టాలని తోచేది. అవ్వ కోసం ఏడవడానికి కూడా నాకు తీరిక దొరకలేదు. అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చాను.

మగ కుందేళ్లన్నిటినీ వేరుచేసి అమ్మేయడం మొదలుపెట్టాను. బహదూర్‌పల్లి వైపు కొత్త కాలనీల నుంచి, ఎక్కువగా కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు, తమ పిల్లలు ముచ్చటపడుతున్నారని వచ్చి కొనుక్కునేవారు. వాళ్లకు మేత సంగతి ఓపికగా చెప్పి పంపేదాన్ని.

కొన్ని నెలలకు మా ఆయనకు అనుమానం వచ్చింది. "కుందేళ్లు పిల్లలెందుకు పెడ్తలేవు?" అన్నాడు.

"మగయి లేవు. అమ్మేసిన."

"ఎవర్ని అడిగినవ్?"

"ఎవర్నీ అడగలె."

చేతిలో ఉన్న టీ గ్లాసు విసిరికొట్టాడు. గడప దగ్గర బియ్యం ఏరుతున్న అత్తమ్మ తల ఎత్తలేదు. ఆ తర్వాత చాలా కాలం ఆయన నాతో మాట్లాడలేదు. భయమేసింది గానీ, చేసినదానికి బాధ కలగలేదు. మిగిలిన ఆడ కుందేళ్లకు ఎప్పటిలాగే గడ్డి ఎండబెట్టి వేశాను. కొన్ని అమ్ముడుపోయాయి, ముసలివి ఒక్కొక్కటే పోయాయి. చివరికి షెడ్డు ఖాళీ అయింది.

ఎవరినీ అడక్కుండా నాయిన దగ్గరికి వెళ్లి వారం పైనే ఉన్నాను. తిరిగొచ్చేసరికి షెడ్డులోంచి గొలుసు చప్పుడు వినిపించింది. గూళ్లు తీసేశారు. గుంజకు బర్రె కట్టేసి ఉంది. మా ఆయన కొని తెచ్చాడట. చేతిలో సంచి దించకుండానే నిలబడిపోయాను.

అత్తమ్మ బకెట్‌తో వచ్చి దాని పక్కన కూర్చుంది.

"నాకు పాలు పిండుడు రాదు అత్తమ్మా" అన్నాను.

"రాకుంటెనే మంచిది. నేర్సుకోకు" అంది, తల తిప్పకుండా. "నేను ఈ ఇంటికొచ్చిన కొత్తల నేర్సుకున్న. అప్పటి సంది గది నా పనే అయి కూసున్నది. నువ్వు మేడ్చల్ పొయ్యి గా కాలేజీల అడిగి రా. వాడు ఏమన్నంటె నేను సూసుకుంట."

పాలు బకెట్‌లో పడుతున్నాయి. నేను లోపలికి వెళ్లి సంచి దించాను. మర్నాడు పొద్దున శామీర్‌పేట దాకా నడిచి, మేడ్చల్ బస్సు కోసం నిలబడ్డాను.