కడుపు నొప్పి చేప

రెండువేల రెండు వేసవిలో అక్కుపల్లి చర్చి వరండాలో పిల్లలకు బైబిలు బడి పెట్టారు. కథ చెప్పడం, దానికి బొమ్మ గీయడం రెండూ హెలెన్ మీదే పడ్డాయి. అయిదో తరగతితో చదువు మానేసిన మనిషే. కానీ భర్త నెహెమ్యా పోయినప్పటి నుంచీ చేతులు ఊరుకుంటే మనసు ఊరుకోవడం లేదని, పాత క్యాలెండర్ల వెనకాల బొగ్గుముక్కతో ఏదో ఒకటి గీస్తూనే ఉండేది.

మొదటి రోజు యోనా కథ. పెద్ద చేప మింగేస్తే, దాని కడుపులో మూడు రోజులు ప్రార్థన చేసి ప్రాణాలతో బయటపడినవాడి కథ అది. యోనాను మింగిన చేపకు హెలెన్ ఎంతో శ్రద్ధగా రెండు వరసల పళ్లు పెట్టింది. అదే కొంప ముంచింది.

తెల్లారేసరికి పక్కవీధి గౌరమ్మ గుమ్మంలో ఉంది.

"ఏటే హెలెనూ, ఏం బొమ్మేసినావు? మా భవ్యశ్రీ ఆల్ల నాన్న లుంగీ అట్టుకుని వొగ్గితే ఒట్టు! సేప మింగేత్తాదంట. మా త్రినాథ్ వేటకెల్లకుండా ఒడ్డునే కూకున్నాడు. తెప్పలోల్లందరూ ఒకటే నవ్వులు. రోజూ ఇలగైతే మా పొయ్యెలగెలుగుతాది?"

"పళ్లు తీసేత్తానత్తా" అంది హెలెన్, బొగ్గు కోసం వెతుక్కుంటూ.

పళ్లు తీసి, నోరు మూసి ఇంకో చేపను గీసింది. చేపల మధ్య పుట్టి పెరిగిన పిల్లలు ఊరుకుంటారా?

"నోరు మూసుకుంటే యోనా ఎలగెల్లాడప్పా?"

"సెవిలోంచి దూరినాడేమోరా!"

గౌరమ్మ మనవరాలు, అయిదేళ్ల భవ్యశ్రీ మాత్రం చర్చి తలుపు వెనకే ఉండిపోయింది. మర్నాడు చేపకు నవ్వు పెట్టింది హెలెన్. "ఓట్లడగడానికొచ్చినట్టుందప్పా" అన్నారు. పొడుగాటి రెప్ప వెంట్రుకలు పెడితే పెళ్లికూతురన్నారు. తలుపు వెనక గౌను అంచు కదల్లేదు. త్రినాథ్ తెప్ప కూడా ఒడ్డు నుంచి కదల్లేదు.

ఆ మధ్యాహ్నం పిల్లలు బిస్కెట్లు తింటున్నారు. సంఘపెద్ద సైలస్ బడిని కనిపెట్టుకుని ఉండటానికని వచ్చి, ఎప్పటిలాగే కుర్చీలో కునుకు తీస్తున్నాడు. పొట్ట ఉబికి ఉంది, కళ్లు సగం మూతపడ్డాయి, నోరు సున్నాలా తెరుచుకుంది. హెలెన్ చేయి దానంతటదే గీసుకుపోయింది. చివర్లో ఊరికే రెండు రెక్కలు, ఒక తోక తగిలించింది.

భుజం దగ్గర ఎవరిదో ఊపిరి తగిలింది. భవ్యశ్రీ!

"పాపం, దీనికి కడుపు నొప్పి" అంది.

"ఓలమ్మో, ఇది సైలసు తాతే!" అని ఎవడో అరిచాడు. వరండా అంతా గొల్లుమంది.

సైలస్ లేచాడు. ఆయన మాట లేనిదే ఆ చర్చిలో గంట కూడా మోగదు. కాగితం తీసుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. ఇక రేపటి నుంచి బడి లేనట్టే అనుకుంది హెలెన్.

"తాతా, యోనాని మింగీసింది నువ్వేనా?" అంది భవ్యశ్రీ.

సైలస్ పొట్ట నిమురుకున్నాడు. "నేనేనమ్మా. మింగీసినాను గానీ, అరిగితేనా! కడుపులో కూకుని ఒకటే పార్దనలు. కునుకు పట్టనిచ్చినాడు కాదు. ఇంక నా వల్ల కాక ఒడ్డుకొచ్చి కక్కీసినాను."

"బతికే ఉన్నాడా?"

"సుబ్బరంగా! బట్టలు దులుపుకుని సక్కా ఎల్లిపోయినాడు." అని కాగితం హెలెన్ చేతికిచ్చాడు. "నా మీసం మర్సిపోయినావు."

మర్నాడు గౌరమ్మ మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. ఈసారి గొడవకు కాదు. తెల్లారగట్ల భవ్యశ్రీ ఒడ్డుకు వెళ్లి అలవాటుగా లుంగీ పట్టుకుందట. త్రినాథ్ నిలబడిపోయాడట. కాసేపు సముద్రం వైపు చూసి, పిల్లే లుంగీ వదిలిందట.

"'ఎల్లు నానా, మింగినా కక్కేత్తాదిలే' అందే హెలెనూ! ఆ బొమ్మ ఇలగియ్యి, మా గోడకంటించాల."

"ఉండత్తా, పూర్తవనీ" అంది హెలెన్. ఆమె చేతిలో బొగ్గు ఉంది. చేపకు మీసం పెడుతోంది.